చుక్కల తూకం

చలికాలం రాత్రుల్లో, ఉత్తరం వైపు బాగా పైన ఒక చుక్క కనిపిస్తుంది. చూడ్డానికి మామూలు చుక్కే. కానీ దానికొక అలవాటుంది. 2 రోజుల 20 గంటల 49 నిమిషాలకోసారి మసకబారుతుంది. అయిదు గంటలపాటు వెలుగు తగ్గుతూ వస్తుంది. తర్వాతి అయిదు గంటల్లో మళ్లీ ఎప్పటిలా అయిపోతుంది. తగ్గడమంటే కొద్దిగా కాదు. ఉన్న వెలుగులో మూడో వంతు కూడా మిగలదు. ఏ పరికరమూ అక్కర్లేదు, మన కంటికే తెలుస్తుంది. ఆ చుక్క పేరు ఆల్గాల్.

ఎందుకలా మసకబారుతుంది? అక్కడున్నవి నిజానికి రెండు చుక్కలు. ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతున్నాయి. ఒకటి రెండోదానికి అడ్డం వచ్చినప్పుడల్లా మనకి చేరే వెలుగు తగ్గిపోతుంది. అంటే అది గ్రహణమే. మన సూర్యుడికి పట్టే గ్రహణం లాంటిదే, సుమారు 90 కాంతి సంవత్సరాల దూరంలో పడుతోంది.

ఇలా గ్రహణాలు పట్టే జంట చుక్కల మీద హైదరాబాదులో ఏళ్ల తరబడి పని జరుగుతోంది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఖగోళశాస్త్ర విభాగం ఉంది. 1959లో మొదలైంది. మన దేశంలో ఖగోళశాస్త్రం కోసమే ప్రత్యేకంగా విభాగం నడుపుతున్న విశ్వవిద్యాలయాలు చాలా తక్కువ. ఆ విభాగం మొదటినుంచీ గట్టిగా పట్టుకున్న పనుల్లో ఈ జంట చుక్కల పని ఒకటి. ఇవాళ దాని గురించే మాట్లాడతాను.

ఈ పావుగంటలో నేను చెప్పదలచుకున్నది ఒక్క సంగతే. చుక్కని ఒంటరిగా చూస్తే ఏమీ తెలియదు. పక్క చుక్కతో పోల్చి చూడాలి. మళ్లీ మళ్లీ చూడాలి. చూసింది రాసి దాచాలి. ఈ మూడు పనులతోనే మనుషులు నక్షత్రాల బరువు తూచారు.

ముందు గ్రహణం సంగతి. ఒక కావడి ఊహించుకోండి. కావడిబద్ద రెండు చివర్లా రెండు లాంతర్లు కట్టి ఉన్నాయి. ఒక లాంతరు చిమ్నీ శుభ్రంగా తుడిచి ఉంది. రెండోదాని చిమ్నీ మసిబారి ఉంది. చీకట్లో ఒక మనిషి ఆ కావడి భుజాన వేసుకుని, నిలుచున్న చోటే గుండ్రంగా తిరుగుతున్నాడు. మీరు చెరువు అవతలి గట్టు మీద ఉన్నారు. అంత దూరంనుంచి మీకు రెండు లాంతర్లు కనపడవు. ఒకటే వెలుగు కనిపిస్తుంది. మసిలాంతరు వచ్చి మంచిలాంతరుకి అడ్డం పడిందనుకోండి. వెలుగు బాగా పడిపోతుంది. సగం చుట్టు తిరిగాక మంచిలాంతరు మసిలాంతరుకి అడ్డం వస్తుంది. అప్పుడూ తగ్గుతుంది కానీ కొంచెమే. ఎందుకంటే మసిలాంతరు ఇస్తున్న వెలుగే తక్కువ.

ఇప్పుడు ఆలోచించండి. మీకు లాంతర్లు కనపడటం లేదు. కానీ వెలుగు ఎంత తగ్గింది, ఎంతసేపు తగ్గింది అన్నది మీ చేతిలో ఉంది. పెద్దగా తగ్గింది ఒకసారి, చిన్నగా తగ్గింది ఒకసారి. దాన్నిబట్టి ఏ లాంతరు ఎంత కాంతిగా ఉందో చెప్పొచ్చు. తగ్గుదల ఎంతసేపు నిలిచిందన్నదాన్నిబట్టి లాంతర్ల సైజు, వాటి మధ్య దూరంతో పోలిస్తే ఎంతో చెప్పొచ్చు. ఆల్గాల్ సరిగ్గా ఇలాంటిదే. అందులో ఒకటి కాంతివంతమైన తెల్లని చుక్క. రెండోది మసకగా, కాస్త ఎర్రగా ఉండే చుక్క. మసకది అడ్డం వచ్చినప్పుడే మన కంటికి తేడా తెలుస్తుంది.

ఈ మసకబారడానికి ఒక లెక్క ఉందని మొదట పట్టుకున్నది ఎవరో తెలుసా? ఇంగ్లండులోని యార్క్ పట్నంలో జాన్ గుడ్రిక్ అనే కుర్రాడు. చిన్నతనంలోనే వినికిడి పోయింది. 1782 నవంబరులో ఆల్గాల్ మసకబారడం చూశాడు. అప్పుడతనికి 18 ఏళ్లు. ఒక్కసారి చూసి వదిలెయ్యలేదు. రాత్రి రాత్రికీ చూశాడు. పక్క చుక్కలతో పోల్చి రాసుకున్నాడు. ఎన్ని గంటలకోసారి మసకబారుతోందో లెక్క కట్టాడు. ఏదో నల్లని వస్తువు దానికి అడ్డం తిరుగుతూ ఉండొచ్చన్నాడు. మరుసటి ఏడు రాయల్ సొసైటీ అతనికి కాప్లీ పతకం ఇచ్చింది. 21 ఏళ్లకే చనిపోయాడు. అతని చేతిలో ఉన్నవి రెండు కళ్లు, ఒక గడియారం, ఒక పుస్తకం. అతని గురించి ఎప్పుడు చదివినా నాకు గుండె నిండిపోతుంది.

మరి బరువు ఎలా తూస్తారు? ఒప్పులకుప్ప ఆట మీకు తెలుసు. ఇద్దరు ఆడపిల్లలు చేతులు పెనవేసి పట్టుకుని, వెనక్కి వాలి గిర్రున తిరుగుతారు. ఇద్దరూ ఒక ఈడువాళ్లయితే ఇద్దరూ సమానంగా తిరుగుతారు. అక్కా చెల్లెలూ ఆడారనుకోండి. అక్క దాదాపు ఉన్నచోటే తిరుగుతుంది. చెల్లెలు పెద్ద చుట్టు తిరుగుతుంది, వేగంగా తిరుగుతుంది. దూరంనుంచి చూసినా మనం చెప్పగలం, ఎవరు బరువో. చుక్కలూ అంతే. బరువైనది నెమ్మదిగా, తేలికది వేగంగా.

ఆ వేగం ఎలా తెలుస్తుంది? రైలు కూత గుర్తు తెచ్చుకోండి. మనవైపు వస్తున్నప్పుడు కూత కీచుగా వినిపిస్తుంది. మనల్ని దాటి వెళ్తున్నప్పుడు బొంగురుగా మారుతుంది. వెలుగులో కూడా అలాంటి మార్పే వస్తుంది. మనవైపు వస్తున్న చుక్క వెలుగులోని గీతలు నీలం వైపు జరుగుతాయి. దూరంగా పోతున్న చుక్కవి ఎరుపు వైపు జరుగుతాయి. ఎంత జరిగాయో కొలిస్తే వేగం తెలుస్తుంది. పెళ్లిలో అరుంధతిని చూపిస్తారు కదా, అరుంధతి పక్కనే ఉండే వశిష్ఠుడి వెలుగులో గీతలు రెండుగా విడిపోవడం, మళ్లీ కలవడం 1889లో హార్వర్డులో గమనించారు. వశిష్ఠుడు కూడా జంట చుక్కేనన్నమాట. అదే ఏడు జర్మనీలో హెర్మన్ వోగెల్ ఆల్గాల్ వెలుగుని ఇలాగే పరీక్షించాడు. గుడ్రిక్ ఊహ నూరేళ్ల తర్వాత రుజువైంది.

ఇక పోల్చడం దగ్గరికి వద్దాం. అసలు కిటుకు ఇక్కడే ఉంది.

నేను చదువుకునే రోజుల్లో ఒక రాత్రి రంగాపూర్ కొండ మీద గడిపాను. హైదరాబాదు దాటి, ఇబ్రహీంపట్నం దాటి వెళ్తే జపాల్, రంగాపూర్ అనే ఊళ్లు వస్తాయి. అక్కడి కొండ మీద ఉస్మానియావారి 48 అంగుళాల టెలిస్కోపు ఉంది. 1968 డిసెంబరులో అది పని మొదలుపెట్టేనాటికి మన దేశంలో అదే అతిపెద్దది. లోపల దీపం లేదు. చిన్న ఎర్రలైటు మాత్రం ఉంది. చలి. సీనియర్ పరిశోధకుడు స్టూలు మీద కూర్చుని కన్ను ఆనించి చూస్తున్నాడు. చుక్కని తెచ్చి సన్నని రంధ్రంలో నిలబెడతాడు. ఆ వెలుగు లోపలి గొట్టంలో పడి కరెంటుగా మారుతుంది. కరెంటు ఎంతుంటే కాగితం చుట్ట మీద సిరా పెన్ను అంత పైకి జరుగుతుంది. నా పని టైము రాయడం.

"టైము రాసినవా తమ్మీ?" అంటాడు. "రాసిన అన్నా" అంటాను. టెలిస్కోపు కాస్త జరుపుతాడు. ఇప్పుడు పక్క చుక్క. మళ్లీ జరుపుతాడు. ఇప్పుడు చుక్కలేని వట్టి ఆకాశం. మళ్లీ పక్క చుక్క. మళ్లీ మన చుక్క. రాత్రంతా ఇదే వరస.

ఒంటిగంట దాటాక ఉన్నట్టుండి పెన్ను కిందికి జారింది. నాకు ఒళ్లు జల్లుమంది. గ్రహణం మొదలైందనుకున్నాను. ఆయన ఏమీ అనకుండా పక్క చుక్కకి తిప్పాడు. అక్కడా పెన్ను కిందికే ఉంది. బయటికి వచ్చి తల ఎత్తి చూశాం. పల్చని మబ్బుతెర ఒకటి పైనుంచి పోతోంది. రెండు చుక్కల వెలుగూ ఒకేలా తగ్గింది. అంటే చుక్కలో ఏ మార్పూ లేదు. మార్పు మన ఆకాశంలో ఉంది. పక్క చుక్క లేకపోతే ఆ రాత్రి నేను మబ్బుని గ్రహణం అని రాసేసేవాణ్ణి.

అందుకే పక్క చుక్క కావాలి. అది మారని చుక్క అయ్యుండాలి. అది కూడా నిజంగా మారడం లేదా అని సరిచూడటానికి మూడో చుక్క ఒకటి పెట్టుకుంటారు. మరి వట్టి ఆకాశాన్ని ఎందుకు కొలుస్తారు? డబ్బాతో సహా నెయ్యి తూచితే ఖాళీ డబ్బా బరువు తీసేస్తాం కదా. అలాగే ఆకాశానికి ఉండే కాస్త వెలుగుని లెక్కలోంచి తీసేస్తారు. మిగిలిందే చుక్క వెలుగు. ఇవాళ పెన్ను, కాగితం పోయాయి. వెలుగుని సీసీడీ కెమెరాలు పడుతున్నాయి. మన చుక్క, పక్క చుక్క ఒకే ఫొటోలో వస్తాయి. అయినా పద్ధతి అదే. పక్క చుక్కతో పోల్చాలి, ఆకాశాన్ని తీసెయ్యాలి, టైము రాయాలి.

ఈ టైము రాయడం హైదరాబాదుకి పాత అలవాటు. 1901లో నవాబ్ జఫర్ జంగ్ తన సొంత డబ్బుతో టెలిస్కోపు తెప్పించి ఒక వేధశాల పెట్టారు. అదే నిజామియా వేధశాల. తర్వాత అది బేగంపేటకి మారింది. 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం చేతికి వచ్చింది. ఆ రోజుల్లో పలుదేశాల వేధశాలలు ఆకాశాన్ని పంచుకుని ఫొటోలు తీసి, చుక్కల పట్టిక తయారుచేస్తున్నాయి. హైదరాబాదు వాటాకి వచ్చిన ఆకాశంలో ఏడున్నర లక్షలకు పైగా చుక్కల స్థానాలు కొలిచారు. గాజుపలకల మీద చుక్కచుక్కనీ మనుషులు కంటితో చూసి కొలిచిన లెక్క అది. టి.పి. భాస్కరన్ డైరెక్టరుగా ఉన్నప్పుడు వెలుగు మారే చుక్కల మీద కూడా పని సాగింది. అక్కడ పనిచేసిన ఒక ఉద్యోగి కొడుకు ఆ టెలిస్కోపుల మధ్యే పెరిగాడు. ఆయనే తర్వాత దేశంలోకెల్లా పేరున్న ఖగోళ శాస్త్రవేత్త అయిన వేణు బప్పు. 1960లో ఖగోళ శాస్త్రవేత్త కె.డి. అభ్యంకర్ వచ్చాక ఉస్మానియా విభాగం పెరిగింది. నగరం దీపాలు బేగంపేట ఆకాశాన్ని కప్పేస్తున్నాయి కనుక కొత్త టెలిస్కోపు రంగాపూర్ కొండ ఎక్కింది. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం సరిగ్గా ఆ కొండ మీదుగానే వెళ్లింది. ఊళ్లలో చాలామంది తలుపులు వేసుకుని ఇళ్లలో కూర్చున్నారు. కొండ మీద శాస్త్రవేత్తలు ఆకాశం కేసి చూస్తున్నారు.

చరిత్ర ఇంతటితో ఆపుతాను. ఇప్పుడు ఏం చేస్తున్నారో చెప్తాను.

కవల అరటిపండు చూసి ఉంటారు. ఒకే తొక్కలో రెండు పండ్లు. చుక్కల్లోనూ అలాంటివి ఉన్నాయి. రెండు చుక్కలు అంటుకుపోయి ఒకే వాయువు తొడుగు కప్పుకుని తిరుగుతుంటాయి. వీటిని కాంటాక్ట్ బైనరీలు అంటారు. ఉస్మానియానుంచి వస్తున్న పరిశోధనా పత్రాల్లో ఇవి తరచుగా కనిపిస్తాయి. సప్తర్షి మండలంలో ఇలాంటి జంట ఒకటి ఉంది. దాని పేరు డబ్ల్యూ ఉర్సే మేజోరిస్. అది 8 గంటలకోసారి ఒక చుట్టు పూర్తి చేస్తుంది. రెండు సూర్యుళ్లలాంటివి, రోజుకి మూడుసార్లు ఒకదాన్నొకటి చుట్టేస్తున్నాయన్నమాట.

ఇవి చివరికి ఏమవుతాయి? దగ్గరవుతూ దగ్గరవుతూ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయా? ఇదీ ఇవాళ్టి ప్రశ్న. దీనికి జవాబు చెప్పేది గడియారం. దగ్గరయ్యేకొద్దీ చుట్టు వేగం పెరుగుతుంది, చుట్టుకి పట్టే కాలం తగ్గుతుంది. కానీ ఆ తగ్గుదల ఎంత ఉంటుంది? సెకనులో పదో వంతు, ఇంకా తక్కువ. ఒక్క రాత్రిలో దాన్ని పట్టుకోలేం. ఇక్కడ పాత కాగితం పనికొస్తుంది.

మీ గోడగడియారం రోజుకి ఒక్క సెకను వెనకబడుతుందనుకోండి. ఇవాళ తెలియదు, రేపు తెలియదు. పదేళ్లు ముట్టుకోకుండా వదిలేస్తే గంట వెనకబడి ఉంటుంది. చుక్కల లెక్కా అంతే. 8 గంటల చుట్టులో మనం అనుకున్నదానికీ అసలుకీ సెకనులో పదో వంతు తేడా ఉందనుకుందాం. 30 ఏళ్లలో ఆ జంట 32 వేలకు పైగా చుట్లు తిరుగుతుంది. ఆ చిన్న తేడా పోగై దాదాపు 55 నిమిషాలవుతుంది. గ్రహణం గంట ముందో గంట వెనకో పడితే ఎవరికైనా తెలుస్తుంది. కానీ 30 ఏళ్ల కిందట ఎవరో ఒకరు సరిగ్గా టైము రాసి దాచి ఉండాలి. రంగాపూర్‌లో నాడు రాసిన టైములు అందుకే ఇవాళ బంగారం. కొత్త టెలిస్కోపు డబ్బుంటే కొనగలం. 1970 నాటి రాత్రిని కొనలేం.

దీనికి ఒక గొప్ప సాక్ష్యం ఉంది. 2008లో వృశ్చికరాశిలో ఒక చుక్క ఉన్నట్టుండి వేల రెట్లు వెలిగింది. దాని పేరు వీ1309 స్కార్పియై. పోలండు శాస్త్రవేత్తలు వెనక్కి వెళ్లి తమ పాత ఫొటోలు తీశారు. వాళ్లు వేరే పని మీద ఆ ఆకాశాన్ని ఏళ్ల తరబడి ఫొటోలు తీస్తూ వచ్చారు. ఆ పాత లెక్కల్లో ఆ చుక్క దొరికింది. అది కవల అరటిపండు లాంటి జంట. చుట్టు తిరగడానికి సుమారు 1.4 రోజులు పట్టేది. ఆ కాలం ఏటేటా తగ్గుతూ, ఇంకా ఇంకా త్వరగా తగ్గుతూ వచ్చింది. చివరికి రెండూ ఒకటైపోయాయి. రెండు నక్షత్రాలు కలిసిపోవడానికి ముందటి ఏళ్ల కథ మనిషి చేతికి అలా దొరికింది, ఎవరో ఫొటోలు దాచారు కనుక.

దీనికి రెండో ముఖం కూడా చెప్పాలి. 2017లో అమెరికాలో ఒక బృందం ఇలాంటి మరో జంట 2022 ప్రాంతంలో కలిసిపోతుందని ప్రకటించింది. ప్రపంచమంతా ఎదురుచూసింది. మరుసటి ఏడు ఇంకో బృందం లెక్కలు తిరగేసింది. మొదటి బృందం ఆధారపడ్డ ఒక పాత పత్రంలో అచ్చుతప్పు దొరికింది. ఒక గ్రహణం టైము 12 గంటల తేడాతో పడింది. ఆ ఒక్క తప్పు దిద్దగానే జోస్యం కాస్తా కరిగిపోయింది. మొదటి బృందం ఆ సంగతి హుందాగా ఒప్పుకుంది. "టైము రాసినవా తమ్మీ" అని ఆ రాత్రి ఆయన నన్ను పదిసార్లు ఎందుకడిగాడో నాకు అప్పుడు పూర్తిగా అర్థమైంది.

ఇప్పటి విద్యార్థులకి ఇంకో వసతి వచ్చింది. 2018లో ఎగిరిన టెస్ అనే ఉపగ్రహం ఆకాశంలో ఒక్కో భాగాన్ని దాదాపు 27 రోజులపాటు కన్నార్పకుండా చూస్తుంది. పైన మబ్బులుండవు, పగలుండదు. ఆ సమాచారం అందరికీ ఉచితం. హన్మకొండలో కూర్చున్నా, అనంతపురంలో కూర్చున్నా కంప్యూటరులో దించుకుని పని చెయ్యొచ్చు. ఉస్మానియావారు ఎక్స్‌రే జంటల మీద కూడా పనిచేస్తున్నారు. వాటిలో ఒకటి మామూలు చుక్క, రెండోది న్యూట్రాన్ నక్షత్రం గానీ కృష్ణబిలం గానీ. మామూలు చుక్కనుంచి వాయువు రెండోదానిలోకి జారిపడుతూ, విపరీతంగా వేడెక్కి ఎక్స్‌రేలు చిమ్ముతుంది. 2015 సెప్టెంబరు 28న మన శ్రీహరికోటనుంచి వెళ్లిన ఆస్ట్రోశాట్ అలాంటివాటిని చూడటానికి పంపిందే.

వాయువు జారిపడటం అన్నాను కదా. ఆల్గాల్‌లోనూ అదే జరిగింది. బరువైన చుక్క పెద్ద మంట పొయ్యి లాంటిది. ఇంధనం త్వరగా అయిపోతుంది, త్వరగా ముసలిదవుతుంది. కానీ ఆల్గాల్‌లో తేలిక చుక్కే ముసలిది. ఇదెలా? పొయ్యి మీద పాలు పొంగి పక్క గిన్నెలో పడ్డట్టు, ఒకప్పుడు బరువుగా ఉన్న చుక్క ఉబ్బి తన వాయువుని పక్కదాని మీద ఒలకబోసింది. తను చిక్కిపోయింది. పక్కది బలిసింది. రెండు చుక్కల బరువులు తూచారు కనుకనే ఈ చిక్కుముడి కనబడింది, విడింది కూడా.

ఇక మీ వంతు. నవంబరునుంచి ఫిబ్రవరి దాకా రాత్రిపూట కనిపించే పిల్లలకోడి మీకు తెలుసు. అదే కృత్తిక. ధ్రువనక్షత్రం వైపు తిరిగి నిలబడండి. చెయ్యి చాచి పిడికిలి బిగించండి. పిల్లలకోడినుంచి ధ్రువుడి దిక్కుగా, కాస్త పడమటికి, రెండు పిడికిళ్ల దూరంలో ఆల్గాల్ ఉంటుంది. దానికి పడమట ఒక పిడికిలి పైచిలుకు దూరంలో ఆల్మాక్ అనే చుక్క ఉంది. మామూలు రోజుల్లో ఆల్గాల్ దానితో సమానంగా వెలుగుతుంది. తూర్పున మరో పిడికిలి దూరంలో, కొంచెం మసకగా ఎప్సిలాన్ పర్సై ఉంది. గ్రహణం బాగా పట్టినప్పుడు ఆల్గాల్ దానికన్నా మసకైపోతుంది.

రోజూ రాత్రి ఒక్క నిమిషం చాలు. వీధిలైటు కంట్లో పడని చోట నిలబడండి. పడమటి చుక్కతో సమానంగా ఉందా, తూర్పు చుక్కకన్నా తక్కువగా ఉందా చూడండి. తేదీ, టైము, ఏ చుక్కతో పోల్చారో పిల్లల చేత రాయించండి. సోమవారం రాత్రి, తెల్లవారితే మంగళవారం అనగా, ఒంటిగంటకి అది బాగా మసకగా కనబడిందనుకోండి. మళ్లీ గురువారం రాత్రి 10 కొట్టబోతుండగా మసకబారుతుంది. మూడు రోజులకి సుమారు 3 గంటల 11 నిమిషాలు ముందన్నమాట. గురువారం రాత్రి 8 గంటలకే గోంగూరో పప్పో తినేసి, దుప్పటి కప్పుకుని మేడ మీదికి వెళ్లండి. వెలుగు తగ్గుతూ ఉంటుంది. అరగంటకోసారి చూసి రాయండి. పదింటికి ఆ చుక్క తూర్పు చుక్క కన్నా మసకగా ఉంటుంది.